డాక్టరుగారి కప్పు

మన పేపర్లలో డావోస్ పేరు ఏటా జనవరిలో మోగుతుంది. ముఖ్యమంత్రులు పెట్టుబడుల కోసం కోట్లు తొడుక్కుని వెళ్లే ఊరది. ఐస్ హాకీ అభిమానులకు మాత్రం అక్కడి స్పెంగ్లర్ కప్ సందడి డిసెంబరు 26న మొదలై 31 మధ్యాహ్నం ఫైనల్‌తో ముగిసిపోతుంది. ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశాలు 1971లో మొదలైతే, స్పెంగ్లర్ కప్ పుట్టింది 1923లో. క్లబ్బులను పిలిచి ఆడించే అంతర్జాతీయ ఐస్ హాకీ పోటీల్లో ఇంతకంటే పాతది లేదు.

కప్పు పెట్టింది ఆటగాడు కాదు, కార్ల్ స్పెంగ్లర్ అనే డాక్టరు. స్విట్జర్లాండ్ కొండల్లో 1,560 మీటర్ల ఎత్తున ఉన్న డావోస్ అప్పట్లో క్షయ రోగులు గాలి మార్పు కోసం వచ్చే ఊరు. థామస్ మన్ నవల ‘ది మ్యాజిక్ మౌంటెన్’ నడిచేది అక్కడి శానటోరియంలోనే. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య జర్మనీని వెలేసింది, 1926 దాకా మళ్లీ చేర్చుకోలేదు. నిన్నమొన్నటి దాకా తుపాకులు గురిపెట్టుకున్న దేశాల కుర్రాళ్లను ఒకచోట ఆడించాలన్నది డాక్టరుగారి పట్టుదల. వెలి తీరకముందే, 1924లో, బెర్లిన్ క్లబ్బు ఈ కప్పు ఎగరేసుకుపోయింది. ఈ పోటీ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చే గెలుపు అదే.

మొదటి విజేత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. పేరుకే ఇంగ్లండు జట్టు, ఆడినవాళ్లలో ఎక్కువమంది అక్కడ చదువుకుంటున్న కెనడా విద్యార్థులు.

1929 నుంచి 1948 లోపల ఏడుసార్లు గెలిచింది ఎల్‌టీసీ ప్రాగ్. ఎల్‌టీసీ అంటే లాన్ టెన్నిస్ క్లబ్! టెన్నిస్ వాళ్లకు మంచు మీద ఏం పని అనిపిస్తుంది గానీ, అప్పటి చెకోస్లోవేకియా మేటి హాకీ ఆటగాళ్లు చాలామంది ఆ క్లబ్బు వాళ్లే. వాళ్ల కథ చివర మాత్రం చేదు. 1950 మార్చిలో, జాతీయ జట్టు ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం లండన్ బయల్దేరాల్సిన సమయంలో, కమ్యూనిస్టు ప్రభుత్వం ఆటగాళ్లను అరెస్టు చేసింది. గోల్‌కీపర్ బొహుమిల్ మోడ్రీకి 15 ఏళ్ల జైలుశిక్ష పడింది.

డావోస్ సొంత జట్టుకూ పాత హీరోలున్నారు. 1930లలో బీబీ టోరియానీ, హాన్స్ కాటినీ, పిక్ కాటినీ ముగ్గురూ ముందు వరసలో ఆడేవారు. ముగ్గురి పేర్ల చివరా ‘నీ’ ఉందని జనం ఆ వరసనే ‘నీ’ వరస అన్నారు. ఇప్పటికీ పోటీలో రెండు గ్రూపులకు టోరియానీ, కాటినీ పేర్లే. ఆరు జట్లు, పదకొండు మ్యాచ్‌లు, ఆరు రోజులు.

ఆడే వస్తువు మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్ల. మ్యాచ్‌కు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపరుస్తారు, లేకపోతే మంచు మీద జారకుండా ఎగిరెగిరి పడుతుంది. 1970ల చివరిదాకా ఈ పోటీ ఆరుబయటే జరిగేది. ఆ తర్వాతే చెక్క పైకప్పున్న స్టేడియం వచ్చింది.

ఇక రికార్డు. 2023లో డావోస్ 16వసారి గెలిచి కెనడా లెక్కతో సమానమైంది. ఇక్కడో మెలిక ఉంది. డావోస్‌ది సొంతూరు, మొదటి ఏడాది నుంచీ పోటీలో ఉంది. కెనడా జాతీయ జట్టు వచ్చిందే 1984లో, వస్తూనే గెలిచింది. 1995 నుంచి 1998 దాకా వరసగా నాలుగు కప్పులు పట్టుకెళ్లింది. పైగా అది ఏడాదంతా కలిసి ఆడే జట్టు కాదు. ఎక్కువగా యూరప్ లీగుల్లో జీతానికి ఆడే కెనడా వాళ్లను పండగ ముందు పోగేసి దింపుతారు. ఉత్తర అమెరికా హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్ యజమానులు లాకౌట్ ప్రకటించిన ఏళ్లలోనైతే డావోస్‌కు తారల పంటే. 2004లో జో థార్న్‌టన్, రిక్ నాష్ డావోస్ తరఫున ఆడి కప్పు తెచ్చారు. 2012లో జాన్ టవారెస్, పట్రీస్ బెర్జెరాన్ లాంటి వాళ్లున్న కెనడా అదే డావోస్‌ను ఫైనల్లో 7-2తో చితక్కొట్టింది.

కోవిడ్ 2020, 2021 పోటీలను మింగేసింది. తిరిగి మొదలైన 2022లో గెలిచింది ఎవరో తెలుసా? చిన్న కొండ పల్లెల క్లబ్బు ఆంబ్రీ-పియోటా. స్పార్టా ప్రాగ్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించింది. స్విస్ లీగ్ టైటిల్ మాత్రం ఆ క్లబ్బుకు ఇంకా అందలేదు.