తక్కువ ఒత్తిడి శస్త్రచికిత్స - తగిన పనిముట్లు

పిత్తాశయములో రాళ్లున్నవని తేలినచో చెరుకుపల్లి ప్రాంతమువారు తెనాలికో గుంటూరుకో పోవుదురు. అక్కడ, “కోత లేకుండ గొట్టములతో తీసెదరట” అని విని ఊరట పొందుదురు. నిజమునకు కోత లేకపోలేదు, చిన్నదైనది. అర అంగుళమునకు మించని మూడు నాలుగు రంధ్రములు చేసి, ఒకదానిగుండ దీపముతోడి కెమెరాను, తక్కినవానిగుండ సన్నని పనిముట్లను లోనికి పంపుదురు. మన దేశములో ఈ పద్ధతిని అనుసరించి తొలిసారి పిత్తాశయమును తొలగించినవారు బొంబాయి వైద్యులు టెహెంటన్ ఉద్వాడియా. అది 1990వ సంవత్సరము.

కడుపులో అవయవములు ఒకదానినొకటి ఆనుకొని యుండును. పనికి చోటు కావలెనన్న, బొగ్గుపులుసుగాలిని నింపి ఉదరపు గోడను గుడారమువలె పైకి లేపవలెను. ఆ గాలి ఒత్తిడి సాధారణముగా పాదరసపు 12 మొదలు 15 మిల్లీమీటర్ల వరకు ఉండును. ఈ ఒత్తిడి గుండెకు మరలివచ్చు రక్తమును కొంత అడ్డగించును. ఊపిరితిత్తుల క్రింది పొరను పైకి నెట్టును. చికిత్స కడుపునకు జరిగినను మరునాడు భుజము నొచ్చుట ఆ పొరకు కలిగిన బాధవలననే. కనుకనే 8 లేక 10 మిల్లీమీటర్లతో సరిపెట్టుకొనవలెనని పలువురు వైద్యులు యత్నించుచున్నారు.

ఒత్తిడిని తగ్గించుట మీట త్రిప్పినంత సులభము. చిక్కు అంతా ఆ తరువాతనే. గాలి తగ్గిన గోడ మెత్తబడును. పదునైన గొట్టమును బలముగా గ్రుచ్చినచో గోడ లోనికి క్రుంగి, మొన ప్రేగులకో పెద్ద రక్తనాళములకో తగులవచ్చును. కావున మొండిమొన గలవి, కెమెరాతో చూచుచు దింపదగినవి అయిన గొట్టములు మేలు. హంగరీ వైద్యుడు యానోష్ వెరెష్ 1938లో ప్రకటించిన సూదిలో ఇట్టి జాగ్రత్త అప్పుడే కలదు. మొన గోడను దాటిన వెంటనే స్ప్రింగు ఒక మొద్దు కడ్డీని ముందుకు త్రోసి మొనను కప్పును.

గాలి కొంచెము జారినను ఉన్న కొద్దిచోటు కూలిపోవును. అందుచేత గొట్టముల మూతలు బిగువుగా ఉండవలెను. గాలి నింపు యంత్రము లోటును వెంటనే పసిగట్టి పూరింపవలెను. ఇరుకు చోట తెరచుకొనుటకు పనిముట్ల కొనలు పొట్టిగా, నునుపుగా ఉండవలెను. విద్యుత్తుతో కాల్చు కడ్డీల తొడుగు చెక్కుచెదరక యుండవలెను. అది చిట్లినచో కెమెరాకు కనబడని చోట ప్రేగు కాలును.

గాలిని పూర్తిగా మానుకొను మార్గమును గలదు. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయమువారు, మన దేశపు గ్రామీణ శస్త్రవైద్యులు కలసి ‘రైస్’ అను పనిముట్టును రూపొందించినారు. అది ఉదరపు గోడను లోపలినుండి పట్టి పైకెత్తును. ఇట్టి పద్ధతిలో గాలి యంత్రముతో పని లేదు. వెన్నులో మత్తుమందిచ్చి పలు చికిత్సలు చేయవచ్చును. చిన్న ఊళ్ల ఆసుపత్రులకు ఇది గొప్ప వెసులుబాటు.

అయినను, గేజీమీద అంకె తగ్గినంతమాత్రమున రోగికి క్షేమము చేకూరదు. చోటు చాలక చూపునకు అడ్డు కలిగినప్పుడు ఒత్తిడి పెంచుట, అవసరమైనచో పెద్ద కోతకు మరలుట వైద్యుని వివేకమే. “అవసరమైనచో పొట్ట తెరతుము” అని అంగీకార పత్రములో వ్రాసియుండుటకు కారణమిదియే. ఆ మాట చూచి బెదరి చికిత్స మానుకొనవలదు. దాని అర్థమేమని వైద్యునే అడిగి తెలిసికొనుడు.