ల్యాప్‌టాప్ మొరాయిస్తోందా? ముందు గోడ దగ్గర్నుంచి చూడండి

మిక్సీ తిరక్కపోతే మనం ఏం చేస్తాం? ప్లగ్గు సరిగ్గా ఉందా అని చూస్తాం. స్విచ్చి చూస్తాం. అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కి చూస్తాం. అప్పటికీ కాకపోతేనే షాపు గుర్తొస్తుంది. అదే ల్యాప్‌టాప్ అయితే మాత్రం తెర వెలగలేదనగానే కంగారు పడిపోయి, సంచిలో పెట్టుకుని విశాఖ రైలెక్కేస్తాం!

2020 లాక్‌డౌన్ తర్వాత మా కొత్తవలసలోనూ ఇంటి నుంచి ఉద్యోగం చేసే ఆడపిల్లలు కనిపిస్తున్నారు. మా పక్కింటి కోడలు అలాంటిదే. ఒక సోమవారం పొద్దున్నే, "పిన్నీ, ఏటైందో ఏటో, లాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదు. పదింటికి లాగిన్ అవ్వాల" అంటూ వచ్చింది. ముందురోజే ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది అన్నారట. అత్తగారికి ఆ మాట చెప్పే ధైర్యం లేదు పాపం.

"తొమ్మిది వేల సంగతి తర్వాత, ముందు గోడ చూద్దాం రా" అన్నాను. అదే ప్లగ్గులో సెల్‌ఫోన్ ఛార్జర్ పెడితే ఫోను ఎక్కుతోంది. అంటే కరెంటుకి లోటు లేదు. ఇక అడాప్టర్. దాని లైటు వెలుగుతోంది గానీ, తీగని డబ్బా దగ్గర కాస్త వంచితే ఆరిపోతోంది. రోజూ చుట్టచుట్టి బ్యాగులో కుక్కితే తీగ లోపల తెగడం మామూలే. ఎదురింటబ్బాయి అడాప్టర్ తెచ్చి పెడితే రెండు నిమిషాల్లో తెర వెలిగింది. కొత్త అడాప్టర్‌కి పదిహేను వందలు దాటలేదు.

ఇంకొకరి అడాప్టర్ పెట్టేముందు దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న 'అవుట్‌పుట్' చదవాలి సుమా. మామూలు గుండ్రటి పిన్ను రకమైతే వోల్టులు పాతదానికి సరిపోవాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు, తగ్గకూడదు. పిన్ను పట్టింది కదా అని పెట్టేయడం ప్రమాదం.

అడాప్టర్ బాగానే ఉండీ మిషను ఉలకకపోతే ఇంకో ఉపాయం ఉంది. ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడొచ్చే రకమైతే అదీ తీయండి. పవర్ బొత్తాం ముప్ఫై సెకన్లు అదిమి పట్టుకుని వదలండి. ఇప్పుడు ఒక్క అడాప్టర్‌తోనే ఆన్ చేయండి. అలా వెలిగి, బ్యాటరీ పెట్టగానే మళ్ళీ మొండికేస్తే తప్పు బ్యాటరీదే అనుకోవచ్చు.

కొందరికి ఛార్జింగ్ 60 దగ్గరో 80 దగ్గరో ఆగిపోతుంది. బ్యాటరీ పోయిందని బెంగ పడకండి. అది ఎక్కువకాలం మన్నాలని కొన్ని కంపెనీలు అలా ఆపే ఏర్పాటు పెట్టాయి. సెట్టింగుల్లో చూస్తే తెలుస్తుంది.

బ్యాటరీ ఎంత అరిగిందో మిషనే చెబుతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, 'పవర్‌సీఎఫ్‌జీ' తర్వాత ఖాళీ వదిలి, స్లాష్, దాని వెంటనే 'బ్యాటరీరిపోర్ట్' అని ఇంగ్లీషులో కొడితే ఒక నివేదిక తయారవుతుంది. కొన్నప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండా ఎక్కితే ఉండే సామర్థ్యం రెండూ అందులో ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోతే కొత్త బ్యాటరీకి డబ్బులు కూడబెట్టుకోవడం మొదలెట్టొచ్చు.

పూర్తిగా దింపి మళ్ళీ ఎక్కించాలనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. అది పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి మాట. ఇప్పటి లిథియం-అయాన్‌కి ఆ అవసరం లేదు. (దీని మీద కృషికే 2019లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. వారిలో జాన్ గుడెనఫ్ వయసు అప్పటికి 97 ఏళ్లు! అరవై దాటితే కృష్ణా రామా అనుకోమనే మనవాళ్లకి ఆయన సంగతి చెప్పాలి.) ఈ బ్యాటరీకి అసలు శత్రువు వేడి. పరుపు మీద, ఒళ్లో దిండు మీద పెట్టుకుంటే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మే నెలలో రేకుల కింద కూర్చుని పనిచేసేవారు కనీసం ఒక చెక్కపీట మీదైనా పెట్టుకోండి.

మన వైపు తుపాన్లు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి చీకట్లో గడిపాం. హెచ్చరిక రాగానే నూటికి నూరూ ఎక్కించి పెట్టుకోండి. కరెంటు పోతూ వస్తూ ఉంటే ప్లగ్గు తీసేయడమే మేలు. తిరిగొచ్చాక కూడా దీపాలు నిలకడగా వెలిగేదాకా పెట్టొద్దు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఉబ్బిన బ్యాటరీ ఒక ఎత్తు. వేలితో జరిపే పలక పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా, అడుగు భాగం బల్ల మీద ఊగుతున్నా వెంటనే ఆపేయండి, ఛార్జర్ తీసేయండి. నొక్కి సరిచేయాలని చూడొద్దు, గుచ్చొద్దు. అంటుకుంటే ఆపడం మన వల్ల కాదు. వంటగదికి, పిల్లలు పడుకునే చోటుకి దూరంగా ఉంచి, సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి ఎలా తేవాలో అడగండి. చెత్తబండిలో మాత్రం వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించే బాధ్యత తయారీదారులది. అందుకని కొత్తది కొనేటప్పుడు 'పాతది తీసుకుంటారా' అని అడిగి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.