'మొద్దు' అనే ముద్ర కింద దాగిన హక్కు

షాద్‌నగర్ చుట్టుపక్కల వాడల నుంచి హైదరాబాద్ కాలేజీలకు వచ్చే మన పిల్లల్లో చాలామంది మొదటితరం చదువరులు. చదవడం నెమ్మదిగా సాగినా, రాత వెనకబడినా, క్లాసులో దృష్టి నిలవకపోయినా వాళ్లకు దొరికే పేరు 'మొద్దు'. పైగా 'రిజర్వేషన్ సీటు' అనే ఎత్తిపొడుపు. అదే ఇబ్బంది డబ్బున్నవాళ్ల పిల్లలకు ఉంటే సైకాలజిస్టు దగ్గర పరీక్ష, 'డిస్‌లెక్సియా' అనే నిర్ధారణ, సాయం అందుతాయి.

మెదళ్లన్నీ ఒకేలా పనిచేయవన్నదే న్యూరోడైవర్సిటీ. జీవవైవిధ్యం అనే మాటను పోలిన ఈ మాట 1990ల చివర్లో ఆటిజం హక్కుల ఉద్యమం నుంచి వచ్చింది. పర్యావరణ పాఠం చెప్పే ప్రొఫెసర్‌కు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది: చెరువులో చేపలు చస్తుంటే ముందు నీళ్లను పరీక్షించాలి.

మన క్యాంపస్‌ల నీళ్లు ఎలాంటివో మనకు తెలుసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2008లో సెంథిల్ కుమార్‌ను, 2013లో మాదారి వెంకటేశ్‌ను, 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. రోహిత్‌కు నెలల తరబడి ఫెలోషిప్ ఆగింది, హాస్టల్ నుంచి వెలి పడింది. వివక్షను వదిలేసి 'మనసు గట్టి చేసుకో' అని చెప్పే కౌన్సెలింగ్ వైద్యం కాదు.

చట్టం ఏమంటోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బందులు, మానసిక అనారోగ్యం అందులో ఉన్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. 40 శాతం లేదని స్క్రైబ్‌ను నిరాకరించడం తప్పని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జులైలో, విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో, 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది.

కాబట్టి విద్యార్థి సంఘాలు మూడు అడగాలి. కౌన్సెలర్ ఎవరు, తెలుగులో మాట్లాడతారా? కులవివక్షపై ఫిర్యాదు తీసుకునే ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ పనిచేస్తోందా? పరీక్ష, సర్టిఫికెట్ ఖర్చు ఎవరు భరిస్తారు? జవాబు రాతపూర్వకంగా తీసుకుందాం.

మనసు కుంగినప్పుడు టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సాయం అడగడం బలహీనత కాదు, హక్కు.