పాత క్వాడ్ బైకు కార్బొరేటర్: పుట్టుక, పనితీరు, జబ్బులు

గాలిలో పెట్రోలును తగిన పాళ్లలో కలపడం కార్బొరేటర్ పని. లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. తూకంలో చెబితే పెట్రోలు ఒక పాలైతే గాలి 14.7 పాళ్లు. ఇంజన్ ఐడిలింగులో ఉన్నా, బరువు లాగుతూ గుట్ట ఎక్కుతున్నా ఆ పాళ్లు మరీ తప్పకూడదు. కరెంటూ సెన్సర్లూ లేకుండా, గాలి ఒత్తిడిలోని తేడానే ఆసరా చేసుకుని ఈ పనిని నూరేళ్లకు పైగా నెట్టుకొచ్చిన పరికరం ఇది. కొత్త కార్ల నుంచి, కొత్త మోటారు సైకిళ్ల నుంచి అది దాదాపుగా తప్పుకుంది. 1980లు, 90లలో తయారైన నాలుగు చక్రాల క్వాడ్ బైకుల్లో మాత్రం ఇంకా పనిచేస్తోంది. అలాంటి బండి మొరాయిస్తే అందరూ ముందు కార్బొరేటర్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. దానిదే అయినా, కొత్తది కొనాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. మూసుకుపోయిన సన్నటి రంధ్రం తెరుచుకుంటే చాలు.

దీని వెనకున్న సూత్రం పెట్రోలు ఇంజన్ కంటే పాతది. పారే ద్రవం వేగం పెరిగితే దాని ఒత్తిడి తగ్గుతుందని స్విట్జర్లాండుకు చెందిన డేనియల్ బెర్నూలీ 1738లో వివరించాడు. నడుము దగ్గర ఇరుకైన గొట్టంలో ఇది ఎలా జరుగుతుందో ఇటలీ భౌతికశాస్త్రవేత్త జొవాన్నీ బాటిస్టా వెంచూరి 1797లో ప్రచురించాడు. కార్బొరేటర్ గొంతులో కనిపించే ఆ ఇరుకు నడుముకు నేటికీ ఆయన పేరే. 1880లలో కార్ల్ బెంజ్ బండిలో ఉన్నది మాత్రం మరో రకం. అందులో గాలి పెట్రోలు మీదుగా సాగి ఆవిరిని మోసుకుపోయేది. చలిలో ఒక తీరుగా, ఎండలో ఒక తీరుగా నడిచేది. పెట్రోలులోని తేలిక భాగం ముందే ఆవిరైపోయి, మండని బరువు భాగం అడుగున మిగిలేది. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మైబాక్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. పెట్రోలును ఆవిరి చేసే ప్రయత్నం మానేసి, సన్నటి ముక్కు గుండా గాలి ప్రవాహంలోకి తుంపరగా చిమ్మించాడు. గిన్నెలో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండేందుకు తేలే బుడ్డి, అంటే ఫ్లోట్, పెట్టాడు. అదే ఏడాది హంగరీలో దొనాత్ బాంకీ, యానోష్ చోంకా అనే ఇంజనీర్లు కూడా తుంపర కార్బొరేటర్‌కు పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత వచ్చినవన్నీ ఈ రెండు ఆలోచనలకు, తుంపరకూ ఫ్లోటుకూ, పెట్టిన మెరుగులే.

క్వాడ్ బైకు చాలా ఆలస్యంగా పుట్టింది. చలికాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోక, ఆ నెలల్లో అమ్ముకోవడానికి ఏదైనా బండి కావాలని అమెరికా డీలర్లు హోండాను అడిగారు. ఒసాము తకేయుచి అనే ఇంజనీరు, గాలి తక్కువ నింపిన బెలూన్ లాంటి లావుపాటి టైర్లతో మూడు చక్రాల బండి గీశాడు. 1970లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన దాని ఇంజన్ 89 సి.సి. మంచులో, ఇసుకలో, బురదలో అది చక్కగా పోయింది కానీ మలుపుల్లో సులువుగా తిరగబడేది. 1982లో సుజుకీ 125 సి.సి. ఇంజనుతో నాలుగు చక్రాల బండి తెచ్చింది. ప్రమాదాలు పెరిగి, 1988లో అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం తయారీదార్లు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశారు. అదే ఏడాది వచ్చిన హోండా ఫోర్‌ట్రాక్స్ 300 పన్నెండేళ్లపాటు తయారైంది. గాలితో చల్లబడే 282 సి.సి. ఒంటి సిలిండర్ ఇంజను, ఒక్క కార్బొరేటర్, పొలం పనికి సరిపడే మొండితనం దాని లక్షణాలు. అమెరికా, కెనడా రైతుల పొలాల్లో అలాంటి బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. బండి ఏ కంపెనీదైనా జబ్బులు దాదాపు ఇవే.

జబ్బు తెలియాలంటే ముందు పనితీరు తెలియాలి. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్లో ఖాళీ ఏర్పడి, గాలి కార్బొరేటర్ గొంతు గుండా లోపలికి దూసుకొస్తుంది. ఇరుకు నడుము దగ్గర దాని వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. కింద ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు మీద మాత్రం బయటి వాతావరణపు ఒత్తిడే ఉంటుంది. పెట్రోలును ఇంజన్ పీల్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బయటి గాలే దాన్ని జెట్టు అనే సన్నటి ఇత్తడి ముక్కు గుండా పైకి నెడుతుంది. మెకానిక్కుకు ఈ తేడా బాగా పనికొస్తుంది, ఎందుకంటే గిన్నెకు గాలి అందించే సన్నటి గొట్టం బురదతో మూసుకుంటే, అన్నీ బాగున్నా పెట్రోలు పైకి రాదు.

గొంతులోకి పెట్రోలు వచ్చే దారులు మూడు. యాక్సిలరేటర్ నొక్కనప్పుడు, పావు వంతు వరకూ నొక్కినప్పుడు పైలట్ జెట్టు దారి. పావు నుంచి ముప్పావు దాకా, గొంతును తెరిచి మూసే స్లైడుకు వేలాడే మొన సూది పైకి లేచేకొద్దీ తెరుచుకునే దారి. ఆ పైన మెయిన్ జెట్టుదే పెత్తనం. కాబట్టి బండి ఏ దశలో తడబడుతోందో గమనిస్తే ఏ దారిలో అడ్డు ఉందో సగం తెలిసిపోతుంది. స్టార్టయి, చోక్ తీయగానే ఆగిపోతుంటే పైలట్ జెట్టు. మెల్లగా బాగానే పోయి, పూర్తిగా నొక్కితే ఊపిరాడనట్టు గింజుకుంటే మెయిన్ జెట్టు, లేదా ట్యాంకు నుంచి పెట్రోలు చాలినంత రాకపోవడం. చోక్ సగం లాగితే బండి కుదుటపడుతోందంటే మిశ్రమం పలచగా ఉందని, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని రుజువు. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

అయినా రెంచీ పట్టుకుని కార్బొరేటర్ మీదికి పోవడం తొందరపాటే. ముందు స్పార్క్ ప్లగ్గు విప్పాలి. కొన లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే మండటం సరిగ్గా ఉంది. పొడి మసి నల్లగా పేరుకుంటే మిశ్రమం చిక్కబడింది, లేదా ఎయిర్ ఫిల్టర్ మట్టితో పూడుకుపోయింది. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలచబడింది, ఇంజన్ కాగిపోయే ప్రమాదం ఉంది. ఆయిల్‌తో తడిసి ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో అరిగినట్టు. ప్లగ్గును క్యాపులో పెట్టి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజన్ లోహానికి ఆనించి స్టార్టర్ తిప్పితే నీలం రంగు నిప్పురవ్వ కనిపించాలి. పసుపుపచ్చగా, నీరసంగా వస్తే కాయిలునూ వైరునూ వెతకాలి. ఇంజన్ వేడెక్కాక మాత్రమే రవ్వ పోతుంటే లోపం ఎక్కువగా పికప్ కాయిలులోనో, రవ్వను పుట్టించే సి.డి.ఐ. పెట్టెలోనో ఉంటుంది. దాన్ని కార్బొరేటర్ జబ్బు అనుకుని జెట్లు మార్చుకుంటూ పోయినవారు చాలామంది.

తరువాతిది కంప్రెషన్. గేజీ బిగించి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి తిప్పాలి. లేకపోతే అంకె తప్పుగా వస్తుంది. తక్కువగా వస్తే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఈసారి పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే గాలి వాల్వుల దగ్గర కారుతున్నట్టు. పాత ఇంజన్లలో వాల్వ్ కూర్చునేచోటు అరిగి, వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు పూర్తిగా మూసుకుపోతుంది. చల్లగా ఉన్న ఇంజన్లో మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటుగా ఉండాల్సిన ఆ సందు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. పొద్దున్న స్టార్టు కాదు. ఫీలర్ గేజీతో అరగంటలో సరిచేయగల పని ఇది. చేయకుండా వదిలేస్తే వాల్వే కాలిపోతుంది.

రవ్వా కంప్రెషనూ బాగుంటే అప్పుడు పెట్రోలు దారి చూడాలి. కొంత దూరం పోయి బండి ఆగిపోయి, ట్యాంకు మూత తెరవగానే మళ్లీ కదులుతుంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. ట్యాంకు కింద పెట్రోలును ఆపే కాక్ లోపలి జాలీకి తుప్పు, మడ్డి పట్టుకోవడం మామూలే. ఫ్లోట్ గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పి గాజు సీసాలోకి వంపితే ఎన్నో సంగతులు బయటపడతాయి. తుప్పు రేణువులు అడుగున పేరుకుంటాయి, నీరు వేరుగా పొరగా నిలుస్తుంది, పాత పెట్రోలు రంగు మారి పులిసిన వాసన వేస్తుంది.

నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు ఆవిరైపోతూ, వెనక లక్క పూత లాంటి జిగురు పొర మిగులుస్తుంది. గిన్నె విప్పితే అడుగున ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో అంటుకుని కనిపిస్తుంది. ముందుగా బలయ్యేది పైలట్ జెట్టే. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్యలో గుండ్రటి చుక్క స్పష్టంగా మెరవాలి. అంచు ఏ మాత్రం మసకబారినా శుభ్రపడనట్టే. దాన్ని కార్బొరేటర్ క్లీనరులో నానబెట్టి, కంప్రెసర్ గాలితో ఊదాలి. తప్పనిసరైతే రాగి తీగ పోగొకటి వాడవచ్చు గానీ, గుండుసూది, డ్రిల్లు బిట్టు తగలనివ్వకూడదు. ఇత్తడి మెత్తన. ఒక్క గీత పడ్డా జెట్టు కొలత మారి, ఆ తర్వాత ఎన్ని స్క్రూలు తిప్పినా పాళ్లు కుదరవు. జెట్టు తుడిచి సరిపెట్టుకోవడమూ చాలదు. కార్బొరేటర్ ఒంట్లో తొలిచిన దారులన్నింటిలోకీ గాలి ఊది, అవతలి కొస నుంచి వస్తోందో లేదో చూడాలి. బాగుచేశామన్న బండ్లు వారానికే తిరిగి రావడానికి ఎక్కువగా ఈ పని ఎగ్గొట్టడమే కారణం.

1980ల చివరి నుంచి ఎన్నో క్వాడ్లలో స్లైడును నేరుగా కేబులుతో కాక, రబ్బరు డయాఫ్రమ్ ద్వారా గాలి ఒత్తిడే పైకి లేపుతుంది. ఆ రబ్బరుకు సూదిమొనంత చిల్లి పడినా స్లైడు పూర్తిగా లేవదు. బండి ఒక వేగం దాకా పోయి, ఆ పైన ఎంత నొక్కినా పుంజుకోదు. డయాఫ్రమ్‌ను వెలుతురులో మెల్లగా సాగదీసి చూస్తే చిల్లి కనబడుతుంది. కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపే రబ్బరు మెడ కూడా ఏళ్లు గడిచేకొద్దీ బీటలు తీస్తుంది. ఆ బీటలగుండా దొంగ గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. ఐడిలింగు ఒకచోట నిలవక పైకీ కిందికీ ఊగుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్లో టపటపమంటుంది. ఇంజన్ నడుస్తుండగా మెడ చుట్టూ నీళ్లు తుంపరగా చల్లితే, చప్పుడు మారిన చోటే బీట.

గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ సూది అరిగి మూసుకోకపోతే పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతుంది. అది నేలమీద పడితే పెట్రోలు నష్టం, నిప్పంటుకునే ప్రమాదం కూడా. సిలిండర్లోకి దిగి కిందికి జారితే ఇంజన్ ఆయిల్ పలచబడి బేరింగులు దెబ్బతింటాయి. డిప్‌స్టిక్కు మీద మట్టం పెరిగినా, ఆయిలు పెట్రోలు వాసన వేసినా బండి స్టార్టు చేయకూడదు. సూది మార్చి, ఆయిల్ మార్చాకే.

పాత కార్బొరేటర్లకు ఇటీవల వచ్చిపడిన ఇబ్బంది ఇథనాల్. అమెరికాలో మామూలు పెట్రోలులో 10 శాతం, మన దేశంలో ఇప్పుడు 20 శాతం దాకా కలుపుతున్నారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది. పూర్తిగా మండటానికి పెట్రోలు కంటే దానికి తక్కువ గాలి చాలు కాబట్టి, అది కలిసిన మేరకు మిశ్రమం పలచబడుతుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండిలో సెన్సరు దాన్ని కనిపెట్టి సరిచేస్తుంది. కార్బొరేటర్‌కు ఆ శక్తి లేదు. మనిషే పైలట్ స్క్రూను కొద్దిగా విప్పి సవరించాలి. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక మన కొత్త మోటారు సైకిళ్లు, స్కూటర్లు కూడా చాలావరకు ఇంజెక్షన్‌కే మారాయి. అయితే అంతకుముందు కొన్న లక్షలాది బండ్లలో ఈ పరికరమే ఉంది, పైన చెప్పిన పరీక్షలు చాలావరకు వాటికీ వర్తిస్తాయి. వాటిని నెల దాటి పక్కన పెట్టే వాళ్లు కాక్ కట్టేసి, మంటలకు దూరంగా, ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు వంపేసి పెట్టండి.