ఒంటరితనానికి బొమ్మ

ఒంటరితనంపై వ్యాసమనగానే సముద్రపుటొడ్డున ఒక మనిషిని గీసి ఊరుకోవడం పత్రికల్లో పరిపాటి. సౌకార్‌పేటవారమైన మాకు ఆ బొమ్మ అతకదు. మింటు వీధిలో భుజం తగలకుండా నడవలేము. అయినా పిల్లలు దూరదేశాలకు పోగా, మేడమీది గదిలో రోజంతా తెలుగు మాట వినక కూర్చున్న పెద్దలున్నారు. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తున్నదని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

మరి దీన్ని గీయడమెట్లా? బొమ్మలు వేసే మన పిల్లలకు మా మనవి ఇది. ముందు వ్యాసం పూర్తిగా చదవాలి. అందులో కంటికి ఆనే వస్తువొకటి పట్టుకోవాలి: రెండు పీటలు, ఒకే విస్తరి, లేదా కింద జనప్రవాహం, పైన కిటికీలో ఒక ముఖం. చిన్న నమూనాలు నాలుగైదు గీసి, వ్యాఖ్య లేకుండానే బోధపడేదాన్ని ఉంచుకోవాలి. 1933లో నరసాపురంలో పుట్టి, 2014లో ఈ చెన్నపట్నంలోనే కన్నుమూసిన బాపుగారి గీతబొమ్మలు చూడండి. గీతలు కొద్ది, ఖాళీ ఎక్కువ. మన విషయానికి ఆ ఖాళీయే ప్రాణం.

ఇంకొక్క జాగ్రత్త: బొమ్మలోని పెద్దావిడను జాలికి అప్పగించరాదు. చేతిలో ఏదో పని, ముఖాన తేజం ఉండాలి. చూసినవారు అయ్యో అని పుట తిప్పేస్తే లాభం లేదు. లేచి పక్క వాటా తలుపు తట్టాలి.