చెక్కు అందాక కూడా అడగొచ్చు

2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. మునిగిన బోట్లను వెలికితీసే ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి లాగేసరికి అక్టోబరు 22 అయింది. మృతుల కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షల చొప్పున ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. మన దగ్గర బోటు ప్రమాదాల కథ చాలావరకు ఆ చెక్కుతోనే ఆగిపోతుంది. ఎక్స్‌గ్రేషియా సర్కారు తనంతట తాను ఇచ్చే సాయం. బోటు నడిపినవాళ్ల నిర్లక్ష్యానికి నష్టపరిహారం అడగడం వేరే హక్కు. చెక్కు తీసుకున్నంత మాత్రాన అది పోదు. పోలీసు కేసు తేలాక చూద్దామని కూర్చోవడమూ పొరపాటే. అక్కడ తేలేది శిక్ష సంగతి.

టికెట్టు కొని ఎక్కినవాళ్లు చట్టం దృష్టిలో వినియోగదారులు. చనిపోతే వారసులు ఫిర్యాదు చేయొచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో బాధితులకు కలిసొచ్చే మెలిక ఒకటుంది: కేసు ఏ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలో, ఫీజు ఎంతో అడిగే పరిహారాన్ని బట్టి కాక, సేవకు కట్టిన సొమ్మును బట్టి తేలుతుంది. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజే లేదు. బోటు టికెట్టు ఎంతుంటుంది గనక! పైగా గోదావరిలో ప్రమాదం జరిగినా, వరంగల్‌లో ఉండే కుటుంబం తమ జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. గడువు మాత్రం 2 ఏళ్లే. ఆలస్యానికి బలమైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోకూడదు.

యజమాని తరఫు వాదన ముందే ఊహించవచ్చు: జనమంతా ఒక పక్కకు జరిగారు, లైఫ్ జాకెట్లు ఇచ్చినా వేసుకోలేదు, నది ఉద్ధృతి మా చేతుల్లో లేదు. వీటికి జవాబు కాగితాల్లోనే దొరకాలి. టికెట్టు, ఫోన్‌లో డబ్బు చెల్లించిన రుజువు, బోటులో తీసిన ఫొటోలు, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, పోయిన మనిషి సంపాదనకు ఆధారాలు జాగ్రత్త చేయాలి. బోటు ఫిట్‌నెస్ పత్రం, ఎంతమందిని ఎక్కించుకోవచ్చన్న అనుమతి సమాచార హక్కు కింద అడగొచ్చు. టికెట్టు వెనక ‘యాజమాన్యం బాధ్యత వహించదు’ అని అచ్చేసి ఉందా? బెదరనక్కర్లేదు; ఆ ఒక్క ముక్కతో నిర్లక్ష్యం మాఫీ అయిపోదు.

బీమా ఉందో లేదో కూడా చూడాలి. నదుల్లో తిరిగే మరబోట్లకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం బీమాను తప్పనిసరి చేసింది. పాలసీ ఉంటే బీమా కంపెనీనీ ప్రతివాదిగా చేర్చాలి.

డబ్బు తీసుకోకుండా స్నేహితుడు తన బోటులో తిప్పితే వినియోగదారుల చట్టం వర్తించదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి. అదే బోటులో జీతానికి పనిచేసే సరంగు చనిపోతే, అతని కుటుంబానికి 2020 నాటి సామాజిక భద్రత కోడ్ కింద పరిహారం ఉంది. యజమాని తప్పు చేశాడని నిరూపించే పని కూడా ఉండదు.