రాయికల్ దారుల్లో రెండు చక్రాల షికారు

వెండితెర మీద హీరో సైకిలెక్కాడంటే ప్రేక్షకుడికి వెంటనే తెలిసిపోతుంది... పాట వస్తోందని! ముందు కడ్డీ మీద హీరోయిన్, గాలికి రెపరెపలాడే ఓణీ, రోడ్డుకి అటూ ఇటూ పచ్చని చెట్లు. హీరోగారికి చెమట పట్టదు. చెయిన్ ఊడదు. ఊరకుక్క ఒక్కటైనా వెంటపడదు. పల్లవి ఒక ఊళ్లో, చరణం ఇంకో ఊళ్లో, ఆఖరి చరణానికి ఏకంగా కాశ్మీర్!

మరి నిజంగా తొక్కితే ఎలా ఉంటుంది? పాలక్యాన్లు కట్టుకునో, బడికి పోవడానికో కాదు. ఏ పనీ లేకుండా, కేవలం సరదా కోసం పల్లెదారుల్లో తొక్కితే? అది చూద్దామనే కిందటి కార్తీకంలో ఒక శనివారం రాత్రి రాయికల్ చేరాం.

రాయికల్ తెలియని పాఠకులకు ఒక మాట. జగిత్యాలకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్నం ఇది. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. ఒక పక్క కోరుట్ల, ఇంకో పక్క జగిత్యాల, ఉత్తరాన గోదావరి. వరి, పసుపు, మక్కజొన్న, మామిడితోటలు. ఏ వాడకు వెళ్లినా గల్ఫ్‌కి పోయినవాళ్ల ఇళ్లూ, వీసా కోసం ఎదురుచూసేవాళ్ల ఇళ్లూ పక్కపక్కనే ఉంటాయి.

తెల్లవారి 5 గంటలకల్లా నలుగురు కుర్రాళ్లు బస్టాండు దగ్గర సిద్ధం. ఇద్దరివి గేర్ల సైకిళ్లు. హెల్మెట్టు, చేతులకు గ్లవ్సు, వెనక మిణుకు మిణుకుమనే ఎర్రలైటు... చూస్తే విదేశీ చిత్రంలోంచి దిగినట్టున్నారు. మూడోవాడిది తమ్ముడి స్కూలు సైకిల్. ఇక నాలుగోవాడు! అతనిదే మన కథ. కాలికి రబ్బరు చెప్పులు, మెడకు తువ్వాల, కింద వాళ్ల నాయన నడిపిన పాత నల్ల అట్లాస్. క్యారియర్ ఉంది, స్టాండు ఉంది, బెల్లు మాత్రం లేదు. "బెల్లు దేనికి సార్, బండంత మోగుతది గదా!" అన్నాడు నవ్వుతూ.

అతను బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ వాకిట్లోకి వచ్చి అన్న మాట మాకు ఇంకా చెవుల్లో ఉంది. పొద్దున్నే బీడీల చాట ఒళ్లో పెట్టుకున్న తల్లి ఆమె.

"పని లేకుండ గీ తొక్కుడేందిరా? మీ నాయిన బతుకంత తొక్కి తొక్కి మోకాళ్లు అరగ్గొట్టుకున్నడు. నువ్వు సుత తొక్కుడేనా?"

నిజమే మరి. ఈ ప్రాంతంలో సైకిలంటే సరదా కాదు. పాలు మోసింది, గడ్డిమోపులు మోసింది, పొలానికి ఎరువు బస్తా మోసింది. చేతిలో నాలుగు పైసలు ఆడగానే మనిషి మొదట వదిలించుకున్నది దాన్నే. మోటారుసైకిల్ వచ్చిన ఇంట్లో సైకిల్ పెరటి గోడకి ఆనుకుని తుప్పు పట్టింది. ఇప్పుడు అదే సైకిలెక్కి "సరదా" అంటే ఏ తల్లికి మింగుడుపడుతుంది?

పోదాం పదండి... బోర్నపల్లికి!

ఆ రోజు మా గమ్యం బోర్నపల్లి. రాయికల్ మండలంలోనే, గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. మాకు ఎవరో బడిపిల్లాడి సైకిల్ అరువిచ్చారు. పూర్వం ప్రతి ఊళ్లోనూ సైకిల్ టాక్సీ అని ఒక కొట్టు ఉండేది. గంటకింతని కిరాయి పుచ్చుకుని, పలక మీద సుద్దముక్కతో టైము రాసుకునేవారు. కైంచీ తొక్కడం నేర్చుకున్నది అక్కడే, మోకాలు చిప్ప పగిలిందీ అక్కడే. మ్యాట్నీకి వెళ్లడానికి తీసుకున్న సైకిల్‌కి, సినిమా పూర్తయ్యేసరికి టిక్కెట్టు కన్నా కిరాయి ఎక్కువైపోయేది. మీ నాన్నగార్ని అడగండి, కాదంటారేమో!

ఊరు దాటగానే మంచు. హెడ్‌లైటు వెలుతురులో పది గజాలు కనిపిస్తే గొప్ప. ఇంకా ఎత్తు తగ్గని పసుపు చేలు, వాటి పచ్చివాసన, ఎక్కడో మోటారు పంపు చప్పుడు. బండి మీద వెళితే ఇంజను మోత తప్ప ఏదీ వినపడదు. కారులో వెళితే అదీ లేదు. సైకిల్ మీద ఊరికో వాసన, చేనుకో చలి. వరి మడి పక్కకి రాగానే ఒళ్లు జివ్వుమంటుంది, ఊళ్లోకి రాగానే పొయ్యి పొగ వెచ్చగా తగులుతుంది.

గేర్ల సైకిళ్ల కుర్రాళ్లు ముందు ముందు దూసుకుపోతున్నారు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి కిర్రు కిర్రుమంటూ ఒక పెద్దాయన వచ్చాడు. అటు రెండు, ఇటు రెండు పాలక్యాన్లు. ఆరుపదులు దాటిన మనిషి. మమ్మల్ని దాటాడు, స్కూలు సైకిల్‌ని దాటాడు, ఆ గేర్ల వీరుల్నీ దాటేశాడు! దాటుతూ ఒకసారి వాళ్ల హెల్మెట్లకేసి చూసి, "ఏం తమ్మీ, గా సైకిల్‌కు ఎంతయింది?" అన్నాడు.

"యాభై వేలు కాక."

"యాభై వేలా! గా పైసలకు సెకండ్‌హ్యాండ్ల మంచి బండే వస్తది గదరా!"

అంతే, కాక మంచులో కలిసిపోయాడు. ఎవరికీ నోట మాట లేదు. మన నాలుగోవాడు ఒక్కడే పగలబడి నవ్వాడు.

ఆ తర్వాత వచ్చింది అసలు పరీక్ష. కోతల కాలం కదా, రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోశారు. కల్లం దొరకని రైతుకి తారురోడ్డే కల్లం. శ్రీరాంసాగర్ నీళ్లొచ్చాక ఇక్కడ వరి విస్తారం పెరిగింది, ఆరబెట్టే జాగా మాత్రం పెరగలేదు. కుప్ప చుట్టూ హద్దుకి రాళ్లు పేరుస్తారు. పగలైతే సరే, చీకట్లో ఆ రాయి ముందు చక్రానికి తగిలిందా... మనిషి ఎగిరి వడ్ల మీదే పడతాడు! మాలో స్కూలు సైకిల్ కుర్రాడు పడ్డాడు కూడా. అరచేయి గీసుకుపోయింది. వడ్ల పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్న రైతు లేచి, తిట్టబోయి, రక్తం చూసి, "అయ్యో బిడ్డా" అని తన సీసాలో నీళ్లు పోసి కడిగాడు. తప్పు ఎవరిదందాం? దీపం లేని సైకిల్‌దా, రాయిదా? నన్నడిగితే, కోతల నెలల్లో తెల్లవారకుండా ఈ దారుల్లో బయల్దేరడమే తప్పు. ఆ మాట ముందు రాత్రి ఎవరూ చెప్పలేదు.

బోర్నపల్లి చేరేసరికి పొద్దు పొడిచింది. వంతెన మధ్యకి వెళ్లి సైకిళ్లు ఆపాం. కింద గోదావరి, ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా. వంతెన లేని రోజుల్లో అవతలికి వెళ్లాలంటే నదే అడ్డం. ఇప్పుడు పది నిమిషాలు తొక్కితే నిర్మల్ జిల్లా! క్యారియర్ మీది సంచీలోంచి నాలుగోవాడు సర్వపిండి తీశాడు. పొద్దున తిట్టిన ఆ తల్లే కట్టి పంపింది.

సినిమాలో సైకిల్ రేసు ఏమైంది?

సర్వపిండి తింటూ మాట సినిమాల మీదికి మళ్లింది. మళ్లక ఏమవుతుంది? సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి 2023లో 'బలగం' తీసి ఈ వైపు పల్లెల్నీ, ఈ యాసనీ తెరకెక్కించాక ఇక్కడి కుర్రకారుకి సినిమా మరీ దగ్గరి చుట్టమైపోయింది.

"సైకిల్ మీద మంచి సినిమా ఏదన్న ఉందా సార్?" అని అడిగారు. చెప్పాం. 1948లో ఇటలీలో డిసీకా తీసిన 'బైసికిల్ థీవ్స్'. గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరికిన పేదవాడు, సైకిల్ పోగొట్టుకుని కొడుకుతో కలిసి ఊరంతా వెతికే కథ. సైకిల్ లేకపోతే ఉద్యోగం లేదు. ఇంకొకటి 1979లో పీటర్ యేట్స్ తీసిన 'బ్రేకింగ్ అవే'. అమెరికాలో రాళ్లు కొట్టిన కూలీల పిల్లలకీ, దర్జాగా కాలేజీలో చదివే కుర్రాళ్లకీ మధ్య సైకిల్ పందెం. దానికి ఉత్తమ స్క్రీన్‌ప్లే ఆస్కార్ వచ్చింది. మన హిందీలో 1992లో ఆమిర్ ఖాన్ 'జో జీతా వహీ సికందర్' చివర్లో వచ్చే సైకిల్ పందెం సరేసరి.

"మరి తెలుగుల?"

ఇక్కడే మాకు నోరు పెగల్లేదు. ఆ హిందీ కథనే 1999లో పవన్ కళ్యాణ్‌తో 'తమ్ముడు'గా తీశారు. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. కాని సైకిల్ పందెం కాస్తా కిక్ బాక్సింగ్ అయిపోయింది! తన్నులాటకి ఈలలు పడతాయి గానీ తొక్కుడికి పడతాయా అనుకున్నారు కాబోలు. ఇంట్లో, వీధిలో, పొలంగట్టు మీద ఇన్ని సైకిళ్లున్న తెలుగునాట తెర మీద ఒక మంచి సైకిల్ పందెం చూసిన జ్ఞాపకం మాకు లేదు. నిర్మాతలు ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే కాస్త ఆలోచించండి!

'బ్రేకింగ్ అవే'లో ఒక సీను ఉంది. కుర్రాడు హైవే మీద లారీ వెనకే, దాని గాలిచాటున తొక్కుతుంటే, డ్రైవరు వేళ్లు చూపించి స్పీడు చెబుతుంటాడు. చూడటానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. కాని తమ్ముళ్లూ, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆ పని చేయకండి. లారీ బ్రేకు వేస్తే ఆగడానికి సైకిల్‌కి చోటు ఉండదు. అంత దాకా ఎందుకు, ఆ రోడ్డే ఎక్కకుండా ఊళ్ల మధ్య దారుల్లో తిరగడం మేలు.

అట్లాస్‌ని రానిస్తారా?

తిరుగు దారిలో నాలుగోవాడు మా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "సార్, హైద్రాబాదుల రెండు వందల కిలోమీటర్లు తొక్కుతరట గదా. గా అట్లాస్‌ను రానిస్తరా?"

అతను అడిగింది బ్రెవే గురించి. ఫ్రాన్సులోని ఒక పాత సైకిల్ సంఘం నియమాల ప్రకారం ప్రపంచమంతా జరిగే దూరపు సవారీ ఇది. హైదరాబాదులోనూ ఏటా జరుగుతోంది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కాలి, 300 అయితే 20 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో. అన్నిటికీ పైన నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ ఉంది. 1891లో పుట్టిన పందెం. ఇప్పుడు 1200 కిలోమీటర్లు, 90 గంటలు. కిందటిది 2023లో జరిగింది. నేడు ఇది పందెం కాదు, ఫస్టూ సెకండూ లేవు. టైములోగా పూర్తి చేసినవాళ్లంతా సమానమే. లైట్లు, మెరిసే జాకెట్టు, హెల్మెట్టు ఉండాలి. సైకిల్ ఖరీదు ఎంతని మాత్రం ఎవరూ అడగరు, మనిషి బలంతో నడిస్తే చాలు.

అప్పుడే రోడ్డు పక్కన ఆగి లెక్క వేశాం. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్లు ఉన్న మామూలు సైకిల్, పెడల్ ఒక్క చుట్టు తిరిగితే 5 మీటర్ల పైచిలుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 19 కిలోమీటర్లు. బ్రెవేకి కావాల్సింది విశ్రాంతితో కలిపి గంటకి 15! బరువు ఎక్కువ, ఎత్తు ఎక్కేచోట దిగి నెట్టాల్సి వస్తుంది, నిజమే. అయినా ఆ పాలక్యాన్ల కాక రోజూ చేసేది ఏమిటి మరి?

"ముందుగాల సిరిసిల్లకు పొయ్యొస్త" అన్నాడు. జగిత్యాల, వేములవాడల మీదుగా పోయి వస్తే ఎంత లేదన్నా నూట నలభై కిలోమీటర్లు. దారి పక్కనే సినారె గారి హనుమాజీపేట. ఎండాకాలం మాత్రం వద్దన్నాం. జగిత్యాల ఎండ సంగతి అతనికి చెప్పాలా!

ఇంతలో మిత్రుడు అసలు గుట్టు విప్పాడు. "వాడు యాడికి పోతడు సార్... వీసా వచ్చేటట్టుంది. నెల దినాలల్ల దుబాయి!"

నాలుగోవాడు ఏమీ అనలేదు. కొంతదూరం పెడల్ చప్పుడే. తర్వాత అన్నాడు, "అందుకే సార్, పోకముందు తొక్కుదామని. గీ దార్లన్ని సూసిన అనుకున్న. సైకిల్ మీద పోతె యాడ సూసిన?"

రాయికల్ చేరాక సైకిల్ కొట్టు తాత అట్లాస్ వెనక చక్రం ఒకసారి తిప్పి చెవి పెట్టి విన్నాడు. "బాల్స్ అరిగినయ్. రెండు టైర్లు సుత మార్చాలె." అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఎంత చిత్రమో, అదే రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం! అయినా ఫర్వాలేదు, ఈ రకం సైకిళ్లన్నిటికీ సామాను ఇంచుమించు ఒక్కటే. "రేపు రా, చేసిపెడుత" అన్నాడు తాత.

ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో వాళ్ల చెల్లెలు నిలబడి ఉంది. తొమ్మిదో తరగతి. "బోర్నపల్లి దాక పొయ్యిండ్రా? నన్నెందుకు తీస్కపోలే?" అని అన్నని నిలదీసింది.

"గీ సైకిల్ నువ్వు తొక్కుతవా? కడ్డీ ఉంది" అన్నాడు.

మేము చాయ్ గ్లాసులు అందుకుంటుంటే వెనక కిర్రుమని చప్పుడు. ఆ పిల్ల చున్నీ నడుముకి బిగించి, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, కైంచీ తొక్కుకుంటూ వాడ మలుపు తిరిగిపోయింది. "ఓ పోరీ! పడతవ్!" అని వాళ్లమ్మ బీడీల చాట పక్కన పెట్టి లేచింది. కాని పిలవలేదు. మలుపు దాకా నడిచి వెళ్లి, నడుం మీద చెయ్యి వేసుకుని, అక్కడే నిలబడి చూస్తూ ఉంది.